వలపును చంపింది స్త్రీవాదమేనా?

స్త్రీవాదం వచ్చాక ఆడా మగా మధ్య సహజంగా ఉండాల్సిన ఆకర్షణ చచ్చిపోయిందనే మాట ఈమధ్య చాలామంది మగవాళ్ల నోట వినిపిస్తోంది. బాగా చదువుకున్నవాళ్లే ఈ మాట ఎక్కువగా అంటున్నారు. వాళ్ల వాదన స్థూలంగా ఇది: ఆకర్షణ ప్రకృతి పెట్టింది, మగవాడు వెంటపడతాడు, ఆడది బెట్టు చేస్తుంది, చివరికి మెత్తబడుతుంది, రుచంతా ఆ తేడాలోనే ఉంది. సమానత్వం పేరుతో ఆ తేడాను చెరిపేశారు. ఇప్పుడు కన్నెత్తి చూస్తే తప్పు, మెచ్చుకుంటే తప్పు, ఇష్టమని చెబితే నేరం. దాంతో మగవాడు బిగుసుకుపోయాడు, ఆడది ఒంటరిదైంది, ఇద్దరికీ సుఖం లేకుండా పోయింది. ఇలా అనేవాళ్లంతా దుర్మార్గులని నేననను. వాళ్లలో నిజంగానే బెంగపడుతున్నవాళ్లు ఉన్నారు. ఆ బెంగకు కారణాన్ని మాత్రం తప్పు చోట వెతుకుతున్నారు. నేను మగవాణ్ని, ఆడవాళ్ల పట్ల ఆకర్షణ ఉన్నవాణ్ని, అందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు కనపడదు. ఆ ఆకర్షణను విలువైనదిగా చూస్తాను కాబట్టే ఈ వాదనను ఖండిస్తున్నాను. స్త్రీకి కాదనే వీలు లేనంత కాలం ఆమెకు నిజంగా ఇష్టమో కాదో ఏ మగవాడికీ తెలిసే దారి లేదు. ఆ వీలు కోసం కొట్లాడింది స్త్రీవాదం.

పూర్వం ఆకర్షణ వర్ధిల్లేదని చెప్పేవాళ్లు, ఏ కాలంలో వర్ధిల్లిందో కూడా చెప్పాలి. 1897లో అచ్చయిన కన్యాశుల్కం తొలి కూర్పుకు గురజాడ రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయిస్తే, మూడేళ్లలో నమోదైనవే 1034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లున్నారు, మూడేళ్లవాళ్లున్నారు, ఏడాది పసిపిల్లలూ ఉన్నారు. అమ్మిన తండ్రికి, కొన్న ముసలి వరుడికి మధ్య జరిగిన ఆ బేరంలో ఆకర్షణ అనే మాటకు చోటెక్కడ? ఆ పిల్లకు ఊహ తెలిసేసరికి మొగుడు పోతే తల గొరిగించి మూల కూర్చోబెట్టారు; ఆమెకూ ఒక కోరిక ఉంటుందన్న ఊహే పాపమన్నారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఆయన్ను వెలివేసింది. అదంతా గతించిన కథ అనుకోవడానికి లేదు. 2011-12లో దేశమంతటా జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో, భర్తను పూర్తిగా తామే ఎంచుకున్నామని చెప్పిన స్త్రీలు నూటికి ఐదుగురు మాత్రమే. స్త్రీవాదం ఈ దేశంలో ఆకర్షణను చంపాలంటే ముందు అది బతికి ఉండాలి కదా. పెళ్లిళ్లలో అత్యధికం కులం, కట్నం, జాతకం, ఉద్యోగం చూసి పెద్దలు కుదుర్చుకున్నవే. ఆ దంపతుల్లో ఎందరో తర్వాత ఒకరంటే ఒకరు ప్రాణంగా బతికారు, కాదనను. ఆ మమత ఆ ఏర్పాటు చలవ మాత్రం కాదు; ఆ ఏర్పాటులో వాళ్లు కష్టపడి సాధించుకున్నది.

చట్టం కూడా ఆ ఏర్పాటుకే కాపలా కాసింది. బొంబాయిలో రఖ్మాబాయికి పదకొండేళ్ల వయసులో పెళ్లి చేశారు. పెద్దయ్యాక, తన ఇష్టం అడగకుండా కట్టబెట్టిన ఆ మనిషితో కాపురం చేయనని ఆమె మొరాయించింది. భర్త కోర్టుకెళ్లాడు. కాపురానికైనా వెళ్లు, లేదంటే ఆరు నెలలు జైలుకైనా వెళ్లు అని 1887లో కోర్టు తీర్పిచ్చింది. జైలుకే పోతానంది ఆమె. చివరికి డబ్బిచ్చి ఆ బంధం నుంచి బయటపడి, లండన్‌లో వైద్యం చదివి వచ్చి, సూరత్‌లో డాక్టరుగా పనిచేసింది. కాపురానికి రమ్మని కోర్టు చేత ఆజ్ఞ వేయించే ఆ పద్ధతి మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1955 హిందూ వివాహ చట్టంలో తొమ్మిదో సెక్షన్‌గా నిలిచిపోయింది. దాన్ని మొట్టమొదట కొట్టేసింది మన హైకోర్టే. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఒక స్త్రీ శరీరం మీద నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని రాజ్యం చేతికివ్వడం ఆమె ఏకాంతానికీ గౌరవానికీ భంగమనీ, కాగితం మీద భార్యాభర్తలిద్దరికీ ఒకేలా వర్తించే ఆ సెక్షన్ బరువు నిజజీవితంలో స్త్రీ మీదే పడుతుందనీ ఆయన వాదన. ఆ తీర్పు ఏడాది నిలిచింది. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, కాపురం నిలబెట్టడానికి ఆ సెక్షన్ అవసరమంది. జస్టిస్ చౌదరి తీర్పును స్త్రీవాదులు నేటికీ తలుచుకుంటారు. ఆకర్షణ గురించి బెంగపడే మగవాళ్లు తలుచుకోగా నేను వినలేదు. నిజానికి తలుచుకోవాల్సింది వాళ్లే. ఆకర్షణను కోర్టు ఉత్తర్వుతో పుట్టించలేమని అంత గట్టిగా చెప్పిన తీర్పు ఈ దేశంలో అంతకుముందు రాలేదు.

స్త్రీవాదం మీద ఇప్పుడు మోపుతున్న నేరం, మొన్నటిదాకా మోపిన నేరానికి సరిగ్గా తలకిందులైంది. ఈ సంగతిని అంత సులువుగా వదిలేయలేను. తెలుగులో స్త్రీ తన కోరిక గురించి నోరు విప్పినప్పుడల్లా ఆమె మీద పడిన నింద కామం ఎక్కువైందనే. తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో పద్దెనిమిదో శతాబ్దపు ముద్దుపళని రాధికాసాంత్వనం రాసింది. అందులో కోరేది, అలిగేది, అడిగి పుచ్చుకునేది స్త్రీ. ముద్దుపళనిని నీతి పేరుతో తీవ్రంగా దూషించింది ఎవరో కాదు, వితంతువుల పెళ్లిళ్ల కోసం జీవితం ధారపోసిన వీరేశలింగమే. వితంతువుకు మళ్లీ భర్త ఉండాలని ఒప్పుకున్న మనిషికి, ఒక స్త్రీ తన సుఖం గురించి తానే పద్యం చెప్పడం మింగుడు పడలేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయించి, అదే శృంగారం మగకవులు రాస్తే తప్పులేదా అని నిలదీసింది. మరుసటి ఏడే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో ఆ నిషేధం తొలగడానికి దేశం స్వాతంత్ర్యం దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత చలం. మైదానంలో రాజేశ్వరి భర్తను వదిలి తనకు కావాల్సినవాడితో వెళ్లిపోతే, తెలుగు గృహస్థులు ఆయన పుస్తకాలను ఇళ్లలోకి రానివ్వలేదు. ఆ తర్వాత 1980ల్లో కవయిత్రులు తమ శరీరం గురించి, ప్రసవం గురించి, మంచం మీది బలవంతం గురించి రాస్తే దాన్ని నీలి కవిత్వమన్నారు. 1993లో స్త్రీవాద కవితల సంకలనం నీలి మేఘాలు అనే పేరుతోనే వచ్చింది.

నిన్నటిదాకా వాళ్లు కామంతో చెడిపోయారన్నారు. ఇవాళ వాళ్లు కామాన్నే చెడగొట్టారంటున్నారు. ఈ రెండు నిందల్లోనూ మారకుండా ఉన్నదొకటే: కోరిక మగవాడి సొత్తని, స్త్రీ దానికి తావు మాత్రమేనని అనుకోవడం. ఆమె తన కోరికను చెప్పుకుంటే మితిమీరిందన్నారు, మగవాడి కోరికకు హద్దు చెబితే మొద్దుబారిందన్నారు. ముద్దుపళని నుంచి నీలి మేఘాల దాకా నడిచిన ఈ దారి ఆకర్షణకు వ్యతిరేకంగా నడిచిందని, ఆ పుస్తకాలు ఒక్కసారి తిరగేసినవాళ్లెవరూ అనలేరు. తెలుగులో స్త్రీ ఆకర్షణ గురించి నిజాయితీగా రాసిన సాహిత్యంలో పెద్ద వాటా స్త్రీల పక్షాన నిలిచి తిట్లు తిన్నవాళ్లదే.

ఇక ప్రకృతి వాదం. స్త్రీలు సంపాదించే మగవాణ్ని కోరతారు, మగవాళ్లు అందాన్నీ వయసునూ కోరతారు, ఇది జీవశాస్త్రం, దీన్ని ఉద్యమాలు మార్చలేవు అంటారు. దీనికి తరచుగా చూపే ఆధారం అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ బస్ 1989లో 37 సంస్కృతుల మీద ప్రచురించిన పరిశోధన. అందులో ఆ తేడా దాదాపు అన్నిచోట్లా కనిపించిన మాట నిజం. పదేళ్ల తర్వాత ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ అదే సమాచారాన్ని తీసుకుని, ఏ దేశంలో స్త్రీలకు ఎంత అధికారం ఉందో దానితో పోల్చి చూశారు. స్త్రీలకు సొంత సంపాదన, పదవులు ఉన్న దేశాల్లో భర్త సంపాదన మీద వాళ్ల పట్టింపు తగ్గింది, వంటా ఇంటిపనీ తెలిసిన భార్య కావాలన్న మగవాళ్ల పట్టింపూ తగ్గింది. అందం విషయంలో అలా తగ్గలేదు. 2020లో 45 దేశాల్లో మళ్లీ పరిశీలిస్తే సంపాదన విషయంలో ఆ సంబంధం అంత గట్టిగా నిలబడలేదు. సమానత్వం పెరిగినచోట దంపతుల మధ్య వయసు తేడా తగ్గడం మాత్రం కనిపించింది. అంటే ఆడా మగా ఇష్టాల్లో కొంత తేడా నిలకడగానే ఉంది. ఉండనివ్వండి. స్త్రీవాదం ఆ తేడాను చెరపకపోతే, అది ఆకర్షణను చంపిందన్న ఆరోపణే నిలవదు. తేడా చెక్కుచెదరనిదనీ వాళ్లే అంటున్నారు, స్త్రీవాదం దాన్ని తుడిచిపెట్టిందనీ వాళ్లే అంటున్నారు. రెండూ ఒకేసారి నిజం కాలేవు.

స్త్రీలకు కోరికే తక్కువ అనడానికి ఇంకో ప్రయోగం చూపిస్తారు. ఫ్లోరిడాలో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ముక్కూమొహం తెలియని విద్యార్థులను పలకరించి, ఈ రాత్రి నాతో గడుపుతావా అని అడిగించారు క్లార్క్, హాట్‌ఫీల్డ్. మగవాళ్లలో నూటికి సుమారు డెబ్బై మంది సరేనన్నారు. స్త్రీలలో ఒక్కరూ అనలేదు. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. అదే ప్రయోగంలో, నాతో బయటికి వస్తావా అని మాత్రమే అడిగినప్పుడు సుమారు సగం మంది స్త్రీలు ఒప్పుకున్నారు. వాళ్లకు ఆ మగవాడు నచ్చకపోవడం కాదు. తెలియనివాడి గదికి వెళ్తే తిరిగి క్షేమంగా వస్తామో లేదోనన్న భయం కావచ్చు. 2011లో టెరీ కాన్లీ ఆ ప్రశ్ననే మార్చి అడిగింది. అడిగేది జనమెరిగిన నటులైతే ఏమంటారని ఊహించమంటే, ఆడా మగా జవాబుల్లో తేడా దాదాపు మాయమైంది. భయం, పరువు అనే రెండు బరువులు దించితే స్త్రీల కోరిక మాట్లాడుతుందన్న సంగతిని మగవాళ్లు ఆనందంగా స్వీకరించాలి. ఆ రెండు బరువులూ దించాలనే కదా స్త్రీవాదులు అడుగుతున్నది.

మన దగ్గర ఈ ప్రకృతి వాదాన్ని ఇంటింటికీ చేర్చింది సినిమా. స్త్రీ చెప్పే మాటకు లోపల వేరే అర్థం ఉంటుందనే భావాన్ని సరదాగా పాడిన పాట 1955లో మిస్సమ్మలో వచ్చింది. 2001లో ఖుషి ఆ పాటను మళ్లీ వాడుకుంది, 2007లో మరో సినిమా దాన్నే తన పేరుగా పెట్టుకుంది. మిస్సమ్మ సరసమైన సినిమా, సావిత్రి చేసిన ఆ పాత్రకు సొంత బుర్ర ఉంది. నా ఫిర్యాదు ఆ పాట మీద కాదు. అరవై ఏళ్ల పాటు అదే భావాన్ని మోటుగా, ఇంకా మోటుగా వాడుకుంటూ వచ్చిన కథల మీద. వద్దంటే వెంటపడు, మళ్లీ వద్దంటే ఇంటి ముందు నిలబడు, ఆమె ఏడిస్తే ప్రేమ మొదలైనట్టు అని ఒక తరం మగపిల్లలకు నేర్పాం. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన ఘటనకు ముందున్నది కూడా ఒక తిరస్కారమే. పోలీసులు నిందితులు ముగ్గురినీ కాల్చేశారు, జనం పూలు చల్లారు. కాదన్న మాటను మగపిల్లవాడు ఎందుకు వినలేకపోతున్నాడన్న ప్రశ్న ఆ పూల కింద కప్పబడిపోయింది. 2013లో శిక్షాస్మృతికి చేర్చిన 354డి సెక్షన్, ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా స్త్రీ వెంటపడటాన్ని నేరం చేసింది. మన హిట్ సినిమాల్లో ఎన్నింటి మొదటి సగాలు ఆ నేరం కిందికి వస్తాయో లెక్క వేసుకోండి.

వెంటపడకపోతే వలపు పుట్టదనేవాళ్లకు తెలుగు ప్రేక్షకుడే జవాబిచ్చాడు. 2016లో పెళ్లి చూపులు వచ్చింది. అందులో చిత్ర, ప్రశాంత్ కలిసి ఒక ఫుడ్ ట్రక్ నడుపుతారు. ఆమెకు లెక్కలూ పట్టుదలా ఉన్నాయి, అతనికి వంట వచ్చు. ఒకరి పనిని ఒకరు చూస్తూ చూస్తూ దగ్గరవుతారు. చిన్న సినిమా, జనం ఎగబడి చూశారు, జాతీయ అవార్డు కూడా వచ్చింది. మరుసటి ఏడే అదే నటుడు అర్జున్ రెడ్డిగా వచ్చి, పేరు కూడా సరిగా తెలియని జూనియర్ అమ్మాయిని తనదని క్లాసులో ప్రకటించి, అడగకుండానే ముద్దు పెట్టాడు. దాన్నీ జనం విరగబడి చూశారు, ఒప్పుకుంటాను. కానీ మొదటి సినిమాలో ఆకర్షణ లేదని ఎవరూ అనలేదు. సమానుల మధ్య వలపు చప్పగా ఉంటుందన్న సిద్ధాంతం పెళ్లి చూపులు ఆడిన ప్రతి హాల్లోనూ ఓడిపోయింది.

స్త్రీవాదుల్లోనే కొందరు మగవాడి కోరికనంతా అనుమానంగా చూశారు కదా అని అడగొచ్చు. నిజమే. అమెరికాలో ఆండ్రియా డ్వార్కిన్ లాంటివాళ్లు ఆడా మగా సంబంధంలోనే ఆధిపత్యం ఉందన్నారు. ఆ వాదన ఎంత దూరం వెళ్లిందో అంత దూరం నేను వెళ్లను. కానీ దానికి మొదట గట్టిగా జవాబిచ్చిందీ స్త్రీవాదులే. ఎలెన్ విల్లిస్ లాంటివాళ్లు స్త్రీల సుఖం కూడా విముక్తిలో భాగమేనన్నారు; 1982లో న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీ సదస్సులో దీని మీద రెండు పక్షాలూ బాహాటంగా తలపడ్డాయి. ఇంట్లోనే ఇంత వాదన పడిన ఉద్యమాన్ని ఒకే గొంతుగా చూపడం న్యాయం కాదు. కన్నెత్తి చూస్తే తప్పన్న ఫిర్యాదుకొస్తే, అందమైన మనిషి ఎదురైతే కన్ను అటు తిరుగుతుంది, ఆ క్షణానికి ఎవరూ క్షమాపణ చెప్పనక్కర్లేదు. ఆమె ఇబ్బందిపడుతోందని తెలిసీ చూపు తిప్పుకోకపోవడం వేరు. అక్కడ జరిగేది ఆకర్షణ కాదు, ఈ చోటు నాదని చాటుకోవడం. బస్సులో ప్రయాణం చేసే ఏ స్త్రీనైనా అడిగితే ఈ రెంటికీ తేడా క్షణంలో చెబుతుంది.

చట్టాల దుర్వినియోగం గురించి కూడా అంటారు. తప్పుడు కేసులున్నాయి. భార్యను వేధించిన భర్త మీద పెట్టే 498ఏ సెక్షన్ కింద ఎడాపెడా అరెస్టులు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది, అది అవసరమైన ఆదేశమే. అయితే ఒక చట్టం దుర్వినియోగమైతే దర్యాప్తును బాగుచేయాలి. దానికీ ఆకర్షణకూ సంబంధం లేదు. ఒకసారి మర్యాదగా అడిగి, కాదంటే వెనక్కి తగ్గడాన్ని ఏ చట్టమూ నేరమనలేదు.

మన పిల్లల్లో ఆడా మగా ఒకరికొకరు అర్థం కాకుండా పోతున్నారన్న బెంగ నాకూ ఉంది. దానికి కారకులు ఎవరో చూద్దాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో కార్పొరేట్ ఇంటర్ కాలేజీలు ఆడపిల్లలకో క్యాంపస్, మగపిల్లలకో క్యాంపస్ కట్టి, పదహారు పదిహేడేళ్ల వయసును గోడల మధ్య నడిపిస్తున్నాయి. మాట్లాడటం, స్నేహం చేయడం, చిన్నగా పొరపడి దిద్దుకోవడం నేర్చుకోవాల్సిన ఆ రెండేళ్లూ ర్యాంకుల కింద పోతున్నాయి. ఆ తర్వాత మగపిల్లలకు తెలిసిన స్త్రీ ఫోన్ తెరలో కనిపించేదే. ఆ గోడలు కట్టింది స్త్రీవాదులు కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య పక్కన ఆసుపత్రి నుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ని పట్టపగలు నరికించింది కులం. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎంచుకున్నారు, అదే వాళ్లు చేసిన నేరం. తెలుగు నేల మీద ఆకర్షణకు నిజమైన హంతకులను వెతికేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఆ అమ్మాయి తరఫున వీధిలోకి వచ్చినవాళ్లలో దళిత సంఘాలతో పాటు స్త్రీవాదులు ఉన్నారు.

మగవాడిగా నాకు ఇందులో సొంత లాభం కూడా కనిపిస్తుంది, దాన్ని దాచను. కోరడం మగవాడికి నేర్పారు, కోరబడటం నేర్పలేదు. జీతం, ఎత్తు, ఇల్లు, వీసా చూసి ఎంపికైన మనిషికి, ఇవన్నీ తీసేస్తే తనను ఎవరైనా ఇష్టపడేవాళ్లా అన్న సందేహం లోపల తొలుస్తూనే ఉంటుంది. ఏడవకూడదు, ఓడకూడదు, భార్యకన్నా తక్కువ సంపాదించకూడదు అనే షరతులు మగవాడి మీద పెట్టింది స్త్రీవాదం రాకముందటి ఏర్పాటే. తనంతట తాను బతకగలిగిన స్త్రీ, కాదనడానికి భయమూ అవసరమూ లేని స్త్రీ వచ్చి పక్కన కూర్చుంటే, ఆ రావడంలో జీతం ప్రసక్తి లేదు, భయం ప్రసక్తి లేదు. తనను తానుగా ఇష్టపడ్డారని మగవాడు నమ్మగలిగేది అప్పుడే.

అయితే కాదనే ఆ వీలుకు పెళ్లయిన స్త్రీ విషయంలో చట్టమే అడ్డుపడుతోంది. భారత శిక్షాస్మృతి 1860లో పెట్టిన మినహాయింపు, వయోపరిమితి మారినా, భారతీయ న్యాయ సంహితలోనూ కొనసాగుతోంది: పద్దెనిమిదేళ్లు దాటిన భార్యను భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కిందికి రాదు. ఆ నియమం మనకిచ్చిన బ్రిటన్ 1991లోనే దాన్ని వదిలేసింది, నేపాల్ సుప్రీంకోర్టు 2002లో వదిలేయమంది. ఆ దేశాల్లో పెళ్లిళ్లూ ఆగలేదు, వలపూ ఎండిపోలేదు. మన ఢిల్లీ హైకోర్టులో 2022లో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట అన్నారు. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు సమర్పించిన అఫిడవిట్‌లో, దాన్ని అత్యాచారంగా శిక్షించడం మితిమీరిన కఠినత్వం అవుతుందంది. భార్య ఇష్టాన్ని అడగక్కర్లేదని చట్టమే చెప్పే పడకగదిలో ఆకర్షణ ఎలా బతుకుతుందో, స్త్రీవాదం దాన్ని చంపిందని బాధపడుతున్నవాళ్లు చెప్పాలి. ఆ మినహాయింపు తీసేయమని వాళ్లు కూడా మాతో గొంతు కలిపితే, ఆకర్షణ మీద వాళ్లకున్న ప్రేమను నేను నమ్ముతాను.